మూడు చతురస్రాలు, వదులుకున్న ఒక పేటెంటు

విజయవాడలో శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు వేసే షాపులో నేను డిజైన్ పని చేస్తాను. గడచిన కొన్నేళ్లలో నా కంప్యూటర్ తెర మీద వినాయకుడి బొమ్మ తరువాత ఎక్కువసార్లు కనిపించినది క్యూఆర్ కోడే. టీ కొట్టుకు స్టాండు, మందుల షాపు అద్దం మీద స్టిక్కరు, కల్యాణ మండపానికి దారి చూపే శుభలేఖ, గుడిలో హుండీ పక్కన బోర్డు, ఇలా ఏ ఆర్డరు వచ్చినా ఎక్కడో ఒకచోట ఆ నలుపు తెలుపు గళ్ల చదరం ఉండవలసిందే. డిజైన్ గురించీ, వ్యాపారంలో కొత్త ఆలోచనల గురించీ రాసేవారు సాధారణంగా ఖరీదైన ఫోన్లనో, పేరు మోసిన స్టార్టప్‌లనో ఉదాహరణగా తీసుకుంటారు. కొబ్బరిబోండాల బండికి దారంతో వేలాడే ఈ కాగితం ముక్క నుంచి నేర్చుకోవలసింది వాటికంటే ఎక్కువని నా అభిప్రాయం. దీన్ని తయారు చేసినవారూ, ఆ తరువాత వాడుకలోకి తెచ్చినవారూ దాదాపు ప్రతి దశలోనూ చేతిలో ఉన్నదేదో ఒకటి వదులుకున్నారు; వదులుకున్న ప్రతిసారీ అది మరికొంతమందికి పనికివచ్చింది. నాకు దీని కథలో ఆసక్తి కలిగించేది అదే.

ఈ కోడ్ పుట్టింది డబ్బు చెల్లింపుల కోసం కాదు, కార్ల విడిభాగాల కోసం. జపాన్‌లోని ఐచి ప్రాంతంలో, కరియా పట్టణం కేంద్రంగా, టయోటాకు విడిభాగాలు తయారు చేసే డెన్సో అనే సంస్థ ఉంది. టయోటా కర్మాగారాల్లో విడిభాగాల పెట్టెలతో పాటు కాన్‌బాన్ అనే కార్డు ప్రయాణిస్తుంది. ఏ భాగం, ఎన్ని, ఎక్కడినుంచి ఎక్కడికి అన్న వివరాలు ఆ కార్డు మీద ఉంటాయి. ఆ వివరాలను యంత్రం చదవడానికి బార్‌కోడ్ వేసేవారు. అయితే ఒక బార్‌కోడ్‌లో పట్టేవి సుమారు ఇరవై అక్షరాలూ అంకెలూ మాత్రమే. ఒకే రకం వస్తువును లక్షల్లో తయారు చేసే కాలం పోయి, ఎన్నో రకాలను తక్కువ సంఖ్యలో తయారు చేసే కాలం వచ్చేసరికి రాయవలసిన వివరాలు పెరిగాయి, ఒక్కొక్క పెట్టె మీద బార్‌కోడ్‌ల సంఖ్యా పెరిగింది. ఒక్కో కార్మికుడు రోజుకు వెయ్యి దాకా బార్‌కోడ్‌లను స్కాన్ చేయవలసి వచ్చేది. స్కానర్‌ను సరిగ్గా గీతలకు అడ్డంగా పట్టుకుంటే తప్ప అది చదవదు. నూనె మరక పడితే అసలే చదవదు. ఈ బాధను కర్మాగారంలోని వాళ్లు ఎవరి దగ్గర మొరపెట్టుకున్నారంటే, అక్కడే బార్‌కోడ్ రీడర్లు తయారు చేసే విభాగంలో పనిచేస్తున్న మసహిరో హరా అనే ఇంజనీరు దగ్గర.

బార్‌కోడ్‌లో లోపం దాని పుట్టుకలోనే ఉంది. అందులో సమాచారమంతా గీతల మందంలోనూ వాటి మధ్య ఖాళీలోనూ, అంటే ఎడమనుంచి కుడికి ఒకే దిశలో ఉంటుంది. గీత ఎంత ఎత్తున్నా దానివల్ల అదనంగా తెలిసేది ఏమీ లేదు. ఆ ఎత్తంతా వృథాయే. 1992లో హరా పని మొదలుపెట్టేనాటికే అమెరికాలో కొందరు ఈ వృథాను గమనించి, నిలువుగానూ అడ్డంగానూ సమాచారం నింపే కోడ్‌లను తయారు చేశారు. పీడీఎఫ్417, డేటామ్యాట్రిక్స్ వంటివి అప్పటికే ఉన్నాయి. వారందరి దృష్టీ ఎంత తక్కువ చోటులో ఎంత ఎక్కువ సమాచారం ఇరికించగలం అన్నదాని మీదే. హరాకు సమస్య చెప్పినవాళ్లు చోటు గురించి మాత్రమే ఫిర్యాదు చేయలేదు. రోజంతా స్కానర్ పట్టుకుని తిప్పడంతో అలసిపోతున్నామన్నారు. అందుకని ఆయన సమాచారం పరిమాణం కంటే చదివే వేగానికి ఎక్కువ విలువ ఇచ్చాడు. కోడ్ పేరులోనే ఆ వేగం ఉంది. క్యూఆర్ అంటే క్విక్ రెస్పాన్స్, త్వరగా స్పందించేది అని దాని అర్థం. ఈ పనికి డెన్సో కేటాయించిన బృందం మొత్తం ఇద్దరే మనుషులు.

నలుపు తెలుపు గళ్ల ఆలోచన గో ఆట చూస్తుండగా వచ్చిందని హరా చాలా సందర్భాల్లో చెప్పాడు. మధ్యాహ్నం విరామంలో ఆయన ఆడే ఆ ఆటలో గీతల పలక మీద నల్ల రాళ్లూ తెల్ల రాళ్లూ పేర్చుతారు. ఈ కథ వినడానికి బాగుంటుంది కాబట్టి పత్రికలన్నీ దాన్నే పట్టుకున్నాయి. గళ్లలో సమాచారం నింపడం అప్పటికే ఇతరులు చేస్తున్న పని కనుక, అసలు ప్రతిభ అక్కడ లేదని నేననుకుంటాను. అది ఆ మూడు మూలల్లో ఉంది.

వేగంగా చదవడంలో చిక్కు ఏమిటంటే, కోడ్‌లో ఏముందో చదవడానికి యంత్రానికి పెద్ద సమయం పట్టదు. కోడ్ ఎక్కడుందో కనుక్కోవడానికే పడుతుంది. కెమెరాకు కనిపించే దృశ్యంలో పెట్టె ఉంటుంది, దాని మీద అక్షరాలు, బాణం గుర్తులు, కంపెనీ ముద్ర ఉంటాయి. ఆ గందరగోళంలో ఇదిగో కోడ్ ఇక్కడుంది అని ఒక్క చూపులో తెలియాలి. అందుకు కోడ్ మూలల్లో ఒక గుర్తు పెట్టాలని హరా బృందం నిర్ణయించింది. కాని ఆ గుర్తు వంటి ఆకారం చుట్టుపక్కల ముద్రణలో మరెక్కడైనా ఉంటే యంత్రం దాన్నే కోడ్ అనుకుంటుంది. కాబట్టి లోకంలో అచ్చయ్యే వస్తువులన్నిటిలోనూ అతి అరుదుగా కనిపించే ఆకారం ఏదో తేల్చాలి. దానికోసం వాళ్లు కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెలు తెచ్చి ముందేసుకుని, వాటిమీది బొమ్మలనూ అక్షరాలనూ నలుపు తెలుపులుగా మార్చి, ఆ నలుపు తెలుపుల వెడల్పుల నిష్పత్తులను లెక్కగట్టుకుంటూ పోయారు. చివరికి 1:1:3:1:1 అన్న నిష్పత్తి అతి తక్కువగా కనిపిస్తుందని తేలింది. అచ్చు పని చేసేవాడిగా ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కొత్త ఆకారం కనిపెట్టడానికి వాళ్లు ఖాళీ కాగితం తీసుకోలేదు. అప్పటికే లోకంలో అచ్చయిపోయిన కాగితాలను కుప్ప పోసుకున్నారు.

ఏదైనా క్యూఆర్ కోడ్ మూలనున్న చదరాన్ని దగ్గరగా చూస్తే ఈ నిష్పత్తి కళ్లకు కనిపిస్తుంది. బయట ఒక గడి మందం నల్ల చట్రం, లోపల ఒక గడి మందం తెల్ల చట్రం, నడిమధ్య మూడు గళ్ల వెడల్పు నల్ల చదరం, ఆ తరువాత మళ్లీ ఒక గడి తెలుపు, ఒక గడి నలుపు. ఈ అమరికలోని చమత్కారమేమిటంటే, దాని కేంద్రం గుండా గీతను అడ్డంగా గీసినా, నిలువుగా గీసినా, ఏటవాలుగా గీసినా నలుపు తెలుపుల నిష్పత్తి మారదు. అందుకే ఫోన్‌ను ఎటు తిప్పి పట్టుకున్నా అది కోడ్‌ను పసిగట్టేస్తుంది. మూడు మూలల్లోనే పెట్టి నాలుగో మూలను వదిలేయడానికీ కారణముంది. ఆ లోటును బట్టే కోడ్‌లో పైన ఏది, కింద ఏది అన్నది యంత్రానికి తెలుస్తుంది. నాలుగు మూలలూ ఒకేలా ఉంటే ఏ వైపు నుంచి చదవాలో దానికి అర్థం కాదు. మా షాపుకు వచ్చిన ఒక పెద్దమనిషి ప్రూఫ్ చూసి, "కుడివైపు కింద మూల బోసిగా ఉందయ్యా, అక్కడ కూడా ఒక పెట్టె పెట్టేయ్, నిండుగా ఉంటుంది" అన్నారు. శుభకార్యానికి వేసే కార్డులో ఏదీ వెలితిగా ఉండకూడదని ఆయన భావన. ఆ వెలితే దానికి దిక్సూచి అని వివరించి ఒప్పించేసరికి ఆయన తెప్పించిన టీ చల్లారిపోయింది.

ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యం ఎంతో లెక్కవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అన్నిటికంటే చిన్న క్యూఆర్ కోడ్‌లో అడ్డం 21 గళ్లు, నిలువు 21 గళ్లు, మొత్తం 441 గళ్లు ఉంటాయి. మూడు మూలల గుర్తులు, వాటిని మిగతా భాగం నుంచి వేరుచేసే తెల్ల అంచుతో కలిపి, ఒక్కొక్కటి 64 గళ్ల చొప్పున 192 గళ్లు తినేస్తాయి. గళ్ల వరుసలను లెక్కబెట్టుకోవడానికి, కోడ్ ఏ పద్ధతిలో రాశారో చెప్పడానికి మరో 41 గళ్లు పోతాయి. మిగిలినవి 208. వాటిలో కూడా, కోడ్ పాడైతే సరిచేసుకోవడానికి గరిష్ఠ స్థాయి రక్షణ పెట్టుకుంటే, 136 గళ్లు ఆ రక్షణకే వెళ్లిపోతాయి. చిట్టచివరికి మనం రాయదలచుకున్న విషయానికి దక్కేది 72 గళ్లు, అంటే మొత్తంలో దాదాపు ఆరో వంతు. ఎంత ఎక్కువ సమాచారం పట్టించగలం అన్న పోటీలో ఉన్నవాడెవడూ ఇలాంటి పంపకానికి ఒప్పుకోడు. కోడ్ పెద్దదయ్యేకొద్దీ మూలల వాటా తగ్గుతుందన్నది నిజమే. 177 గళ్ల వెడల్పు ఉన్న అతిపెద్ద కోడ్‌లో అంకెలు మాత్రమే నింపితే 7,089 దాకా పడతాయి. అయినా చిన్న కోడ్‌లో కనిపించే ఆ పంపకమే దీన్ని రూపొందించినవారి మనసును పట్టిస్తుంది. తనను తాను వెతికి పట్టిచ్చుకోవడానికి సగానికి దగ్గర, దెబ్బ తట్టుకోవడానికి మరో మూడో వంతు కేటాయించి, చెప్పదలచుకున్న మాటను మిగిలిన చోట సర్దారు.

పాడైనా చదవగలిగే ఆ గుణానికి ఆధారం ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1960లో ప్రచురించిన గణిత పద్ధతి. దాని సారాన్ని సులువుగా చెప్పవచ్చు. ఒక సరళరేఖ తెలియాలంటే దానిమీద రెండు చుక్కలు చాలు. కాని నేను కావాలని అదే రేఖ మీద ఆరు చుక్కలు పెట్టి పంపానని అనుకుందాం. దారిలో ఒకటి రెండు చుక్కలు చెరిగిపోయినా, పక్కకు జరిగినా, మిగిలినవన్నీ ఒకే గీత మీద ఉన్నాయి కనుక ఏది తప్పో, అది ఎక్కడ ఉండాలో అవతలివాడు చెప్పేయగలడు. రీడ్, సాలమన్‌ల పద్ధతిలో సరళరేఖకు బదులు ఇంకా సంక్లిష్టమైన వక్రరేఖలు ఉంటాయి, అంతే. సౌరకుటుంబం అంచులనుంచి వాయేజర్ నౌకలు పంపిన చిత్రాలనూ, గీతలు పడిన సీడీ మీది పాటలనూ నిలబెట్టింది ఈ లెక్కే. కర్మాగారంలో నూనె మరకల కోసమని హరా బృందం దీన్ని కోడ్‌లోకి తెచ్చింది. నాలుగు స్థాయులు పెట్టారు: సుమారు 7, 15, 25, 30 శాతం భాగం దెబ్బతిన్నా తిరిగి రాబట్టుకోగలిగేవి. ఎంత రక్షణ కావాలో తయారు చేసేవారే ఎంచుకోవచ్చు.

నూనె మరకల కోసం పెట్టిన ఆ నిల్వను మా వృత్తిలోనివాళ్లం అలంకారానికి వాడేసుకుంటున్నాం. కోడ్ నడిమధ్యన కంపెనీ గుర్తో, దేవుడి బొమ్మో కనిపిస్తుందంటే, అక్కడ ఉండవలసిన గళ్లను మేము చెరిపేశామనే అర్థం. యంత్రం దాన్ని మరకగానే లెక్కగట్టి, మిగిలిన గళ్ల సాయంతో పూరించుకుంటుంది. "బాబూ, ఆ స్కానర్ మధ్యలో వెంకన్న బొమ్మ పెట్టు, కాస్త పెద్దదిగానే పెట్టు" అని పెళ్లికూతురి తండ్రి అడిగితే, "పెట్టొచ్చు బాబాయ్ గారూ, కాని ఈ సైజు దాటితే మండపానికి దారి చూపించదు" అని కొలత చూపిస్తాను. బొమ్మకు నిల్వ మొత్తం ఖర్చయిపోతే, రేపు కార్డు మీద పసుపో కుంకుమో పడినప్పుడు సరిచేసుకోవడానికి ఏమీ మిగలదు. శుభలేఖ మీద పసుపు కుంకుమలు పడకుండా ఉండవు కదా. ఎర్ర కాగితం మీద బంగారు రేకుతో కోడ్ వేయమనేవారితో వచ్చే చిక్కు వేరు. రేకు మెరిసే కోణంలో గడి తెల్లగానూ, మరో కోణంలో నల్లగానూ కనిపించి కెమెరాను తికమక పెడుతుంది. చుట్టూ నాలుగు గళ్ల మేర ఖాళీ వదలాలన్న నియమం విషయంలోనైతే మాకు రోజూ వాదనే. ఖాళీ స్థలం చూస్తే మనవాళ్లకు అక్కడ మామిడి తోరణం వేయాలనిపిస్తుంది.

కోడ్‌లో మరో చిన్న జాగ్రత్త కూడా ఉంది. సమాచారాన్ని బట్టి ఒక్కోసారి ఒకేచోట నల్ల గళ్లన్నీ గుంపుగా చేరవచ్చు, లేదా మూలల గుర్తును పోలిన ఆకారం మధ్యలో ఏర్పడవచ్చు. అలా కాకుండా, సిద్ధంగా ఉన్న ఎనిమిది రకాల గళ్ల నమూనాలతో కోడ్‌ను ఒక్కొక్కసారి కలిపి చూసి, నలుపు తెలుపులు అన్నిటికంటే సమంగా పరుచుకున్నదాన్ని ఎంచుకుంటారు. ఇదంతా కోడ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ క్షణంలో చేసేస్తుంది కనుక ఎవరికీ తెలియదు.

డిజైన్ సంగతి ఇంతవరకు. వ్యాపార బుద్ధి దీన్ని మించినది. 1994లో కోడ్ సిద్ధమైంది, డెన్సో దానికి పేటెంటు తీసుకుంది. వాడిన ప్రతివారినుంచీ రుసుము అడిగే హక్కు ఉంది. నిర్దేశించిన ప్రమాణం ప్రకారం కోడ్ తయారు చేసేవారి మీద ఆ హక్కును వినియోగించబోమని సంస్థ ప్రకటించింది. 1999లో ఇది జపాన్ జాతీయ ప్రమాణమైంది, 2000లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దీన్ని కొందరు దానగుణంగా వర్ణిస్తుంటారు. నేను దాన్ని దానం అనను. డెన్సో అమ్మదలచుకున్నవి కోడ్‌లను చదివే రీడర్లు. పెట్టెల మీద కోడ్ అచ్చువేయవలసినవారు వందల సంఖ్యలో ఉన్న చిన్నా పెద్దా సరఫరాదారులు. అచ్చుకు రుసుము పెడితే వారిలో ఎవరూ ముందుకు రారు, కోడ్‌లు లేకపోతే రీడర్లు కొనేవారూ ఉండరు. అందరికీ ఊరికే ఇచ్చినదాని వల్ల తాము అమ్మే వస్తువుకు గిరాకీ వచ్చేలా చూసుకున్నారు. పైగా వాళ్లు అన్నీ వదులుకోలేదు. పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు అట్టే పెట్టుకున్నారు; ప్రమాణాన్ని ఎవరైనా తమ ఇష్టం వచ్చినట్టు మార్చేసి ఒకరి కోడ్‌ను మరొకరి యంత్రం చదవలేని స్థితి రాకుండా పేటెంటును కాపలాగా ఉంచారు. దేన్ని వదలాలో, దేన్ని పట్టుకోవాలో అంత స్పష్టంగా తెలిసి చేసిన వ్యాపార నిర్ణయాలు అరుదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణలు రెండున్నాయి. బార్‌కోడ్‌కు అమెరికాలో నార్మన్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్‌లకు 1952లోనే పేటెంటు వచ్చింది. దాన్ని చదవగల లేజర్లూ కంప్యూటర్లూ చౌకగా దొరికే రోజులు రాకముందే 1969లో గడువు తీరిపోయింది. ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది నేటి తరహా బార్‌కోడ్‌ను తొలిసారి దుకాణంలో స్కాన్ చేసింది 1974 జూన్‌లో. హక్కు ముందే వచ్చి, అవసరం తరువాత వచ్చింది. రెండోది 2000 సంవత్సరంలో అమెరికాలోనే వచ్చిన క్యూక్యాట్ అనే పిల్లి ఆకారపు స్కానర్. పత్రికల్లో అచ్చైన కోడ్‌ల మీద దాన్ని రాస్తే కంప్యూటర్‌లో సంబంధిత వెబ్‌సైటు తెరుచుకుంటుంది. లక్షల సంఖ్యలో పరికరాలను ఉచితంగా పంచారు. ఔత్సాహికులు దాన్ని విప్పి చూసి సొంత సాఫ్ట్‌వేర్లు రాసుకుంటే, ఆ సంస్థ వారికి లాయరు నోటీసులు పంపింది. పరికరం ఊరికే ఇచ్చి, దాన్ని వాడే తీరు మీద పట్టు బిగించారు. ఏడాది తిరిగేసరికి వ్యాపారమే కూలిపోయింది. పత్రిక చదివేవాడు పక్కన కంప్యూటర్ పెట్టుకుని కూర్చోడన్న చిన్న విషయం కూడా వాళ్లకు తట్టలేదు.

క్యూఆర్ కోడ్ కూడా వెంటనే లోకమంతా పాకిపోలేదు. 2002 ప్రాంతంలో జపాన్‌లో కెమెరా ఫోన్లలోనే దాన్ని చదివే సౌకర్యం రావడంతో అక్కడ మామూలు జనానికి చేరింది. మిగతా దేశాల్లో చాలాకాలం దాన్ని ప్రకటనల మూలన వేసేవారు, ఎవరూ స్కాన్ చేసేవారు కాదు, ఎందుకంటే దానికోసం ప్రత్యేకంగా ఒక యాప్ వేసుకోవాలి. ఐఫోన్ కెమెరా నేరుగా కోడ్‌ను చదవడం 2017లో మొదలైంది.

మన దేశంలో కథ మరో మలుపు తిరిగింది. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ యూపీఐని తెచ్చింది. అంతకుముందు దుకాణంలో కార్డుతో డబ్బు తీసుకోవాలంటే స్వైపింగ్ మిషను ఉండాలి, దానికి అద్దె కట్టాలి, ప్రతి చెల్లింపులోనూ కొంత కమీషన్ పోతుంది, కరెంటు, ఫోను లైనో సిమ్ కార్డో ఉండాలి. పునుగుల బండివాడికి అదంతా అయ్యే పని కాదు. క్యూఆర్ కోడ్ వచ్చాక దుకాణదారు దగ్గర ఉండవలసింది ఒక కాగితం మాత్రమే. కెమెరా, ఇంటర్‌నెట్, బ్యాటరీ అన్నీ కొనేవాడి జేబులోనే ఉన్నాయి. డెన్సో కర్మాగారంలో రీడర్ యజమానిది, కోడ్ పెట్టె మీద తిరుగుతూ ఉండేది. మన వీధిలో కోడ్ కదలకుండా ఉంటుంది, రీడరే నడిచి వస్తుంది. నా దృష్టిలో మన వీధికి వచ్చాక ఈ వస్తువులో కనిపించే అసలైన కొత్తదనం ఈ తారుమారే. యంత్రాన్ని వదులుకోగలిగిన వ్యాపారికే ముందుగా మేలు జరిగింది.

మొదట్లో ఒక చిక్కు ఉండేది. ఒక్కో సంస్థ తన సొంత కోడ్ ఇచ్చేది, కిరాణా కొట్టు గల్లా పెట్టె ముందు నాలుగైదు స్టిక్కర్లు వరుసగా ఉండేవి, మీది ఏ యాప్ అని అడిగి దానికి తగ్గదాన్ని చూపించేవారు. చెల్లింపు సంస్థలు ఇకమీదట తమకు మాత్రమే పనికివచ్చే కోడ్‌లు కొత్తగా పెట్టకూడదనీ, ఉన్నవాటిని కూడా 2022 మార్చి ఆఖరులోగా అందరికీ పనికివచ్చేవాటికి మార్చాలనీ 2020 అక్టోబరులో రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. అదే ఏడాది జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి కమీషన్ కూడా లేకుండా పోయింది. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 1,000 కోట్లు దాటాయి. వాటన్నిటిలోనూ క్యూఆర్ కోడ్ లేదు కాని, వీధి కొట్లలో జరిగేవాటికి అదే వాకిలి.

యంత్రాన్ని వదులుకున్నప్పుడు దానితో పాటు మరొకటి కూడా పోయింది: డబ్బు వచ్చిందో లేదో అమ్మేవాడికి తెలిసే దారి. స్వైపింగ్ మిషనులోనుంచి చీటీ వచ్చేది. కాగితం స్టిక్కరు ఏమీ చెప్పదు. కొనేవాడు తన ఫోను చూపించి "వెళ్లిపోయిందన్నా" అంటే నమ్మాలి. ఆ తెర నకిలీదైనా తెలుసుకునేదెలా? పునుగులు వేసే మనిషి చేతులకు పిండి ఉంటుంది, ఎదురుగా నూనె మరుగుతూ ఉంటుంది, ప్రతిసారీ తన ఫోను తీసి మెసేజ్ చూసుకోవడం కుదిరే పని కాదు. ఈ చోటును పూరించడానికి వచ్చిందే సౌండ్‌బాక్స్. లోపల ఒక సిమ్ కార్డు, ఒక బ్యాటరీ, ఒక స్పీకరు. దానికి సాధారణంగా తెర ఉండదు, నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. ఇన్ని రూపాయలు అందాయని తెలుగులో గట్టిగా చెబుతుంది. చేతులు తీరికలేని మనిషికి చెవులు ఖాళీగా ఉంటాయన్న గమనింపు దీనికి మూలం. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి వినిపిస్తుంది కనుక ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య వాదన పుట్టదు. సంత రోజున పక్కపక్క బండ్ల మీద మూడు పెట్టెలు ఒకేసారి అరిస్తే ఏది ఎవరిదో తెలియని మాట వేరు.

ఆ సౌండ్‌బాక్స్‌కు వ్యాపారి దగ్గర సాధారణంగా నెలనెలా అద్దె తీసుకుంటారు. స్టిక్కరు ఊరికే ఇస్తారు. డెన్సో కోడ్‌ను వదులుకుని రీడర్ మీద సంపాదించింది. ఇక్కడి చెల్లింపు సంస్థలు స్టిక్కరును వదులుకుని, దాన్ని నమ్మదగినదిగా చేసే పెట్టె మీద ఎంతో కొంత రాబట్టుకుంటున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఎడం, రెండు వేర్వేరు దేశాలు, ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకున్నట్టు ఎక్కడా లేదు. అయినా లెక్క అదే వచ్చింది.

తీరని లోపం ఒకటి మిగిలే ఉంది. బార్‌కోడ్ కింద దాని అంకెలు కూడా అచ్చై ఉంటాయి. యంత్రం మొరాయిస్తే మనిషి చదువుకోవచ్చు. క్యూఆర్ కోడ్‌ను ఎంత గొప్ప కంటిచూపు ఉన్నవాడైనా చదవలేడు. దానిలో డబ్బు ఉండదు, రహస్యమూ ఉండదు. దుకాణదారు యూపీఐ చిరునామా, పేరు వంటి వివరాలు మాత్రమే ఉంటాయి. ఎవరి కోడ్ అయినా పైకి ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, రాత్రివేళ కొట్టు మూసి ఉన్నప్పుడు అసలు స్టిక్కరు మీద తన స్టిక్కరు అంటించిపోయే మోసగాడికి పని సులువైపోయింది. డబ్బు రావాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఫోనులో నమ్మబలికేవాళ్లకూ ఆధారం ఈ గుడ్డితనమే. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు. కర్మాగారంలో ఒకరినొకరు ఎరిగినవారి మధ్య తిరగడానికి పుట్టిన గుర్తు కనుక, ఇది ఎవరిది అన్న ప్రశ్నకు అందులో జవాబు పెట్టవలసిన అవసరం అప్పుడు రాలేదు.

మా షాపులో ఈ మధ్య స్టాండు ఆర్డరు తీసుకునేటప్పుడు, స్కాన్ చేశాక ఫోనులో ఏ పేరు వస్తుందో ముందు చూస్తాను. చాలామందికి బోర్డు మీద అన్నపూర్ణ టిఫిన్స్ అని ఉంటుంది, ఫోనులో మాత్రం కొడుకు పేరో, బావమరిది పేరో వస్తుంది. ఆ వచ్చే పేరునే కోడ్ కింద పెద్ద తెలుగు అక్షరాలతో అచ్చు వేయమని పట్టుబడతాను, కొనేవాడు రెండూ పోల్చి చూసుకుంటాడని. కొందరు వద్దంటారు, షాపు పేరు ఒక్కటే బాగుంటుందంటారు. అలాంటప్పుడు ఆ పేరును కనీసం చిన్న అక్షరాలతోనైనా అడుగున వేయించుకునేదాకా ప్రూఫ్ మీద సంతకం పెట్టించుకోను. కాగితం మీద అతికించడానికి బదులు అక్రిలిక్ పలక వెనకవైపున అచ్చు వేస్తే, పైన ఎవరైనా స్టిక్కరు అంటించినా గోటితో తడిమితే తెలిసిపోతుంది. ధర కొంచెం ఎక్కువైనా ఇప్పుడు ఎక్కువమంది అదే అడుగుతున్నారు.